టెక్సస్ లాంగ్‌హార్న్స్ ఓ-లైన్: తప్పు ఫ్లడ్‌దా, సార్క్‌దా, ఇంకెవరిదైనానా?

బర్న్ట్‌ఆరెంజ్ బాబ్జీ
మన టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2025 ఆగస్టులో ఏపీ పోల్‌లో (విలేకరులు ఇచ్చే ర్యాంకుల్లో) నంబర్ 1. డిసెంబరు వచ్చేసరికి 9-3 (9 గెలుపులు, 3 ఓటములు). ప్లేఆఫ్ తలుపు మూసేశారు, మిషిగన్‌తో సిట్రస్ బౌల్ (సీజన్ అయ్యాక ఆర్లాండోలో ఆడే ఆట) చేతిలో పెట్టారు. ఒహాయో స్టేట్ మీద 14-7, ఫ్లోరిడా మీద 29-21, జార్జియా మీద 35-10. ఈ మూడు ఓటముల్లోనూ నాకు కనబడింది ఒక్కటే, ముందున్న ఐదుగురు, అంటే ఓ-లైన్ (అఫెన్సివ్ లైన్: మధ్యలో సెంటర్, అటూఇటూ గార్డులు, చివర్లలో ట్యాకిల్స్), నిలబడలేదు. ఫ్లోరిడాలో మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) ఆర్చ్ మ్యానింగ్‌ని బంతి విసరకముందే ఆరుసార్లు పడగొట్టారు, ఆరు సాక్‌లు. పరుగు ఆట కూడా లేదు.

కైల్ ఫ్లడ్ 2021 నుంచి ఇక్కడే ఉన్నాడు. ఓ-లైన్ కోచ్, పేరుకి అఫెన్సివ్ కోఆర్డినేటర్ కూడా. ఐదో ఏడాదిలో కూడా ఎడమ గార్డ్ స్థానం కుదురుకోకపోతే ఆ లెక్క ఎవరు చెప్పాలి? ఫ్లడ్‌ని మార్చాలా, లేక ప్లేలు పిలిచే (ప్రతిసారీ ఏ ఎత్తు ఆడాలో చెప్పే) హెడ్ కోచ్ స్టీవ్ సార్కీషియన్, అదే సార్క్, దగ్గర మొదలుపెట్టాలా? ఆట వెనక్కి తిప్పి చూసినవాళ్లు చెప్పండి. ఊరికే తిట్టడం వద్దు.

ఫ్రిస్కో సుబ్బు
ఫ్లడ్‌ని పంపించెయ్యాలి. అంతే.

పాత రీలు
"అంతే" అంటే కుదరదు సుబ్బూ. ముందు ఎవరు వెళ్లారో చూడు. 2024 లైన్‌లో ఎడమ ట్యాకిల్ కెల్విన్ బ్యాంక్స్ జూనియర్, ఎడమ గార్డ్ హేడెన్ కానర్, సెంటర్ జేక్ మేజర్స్, కుడి గార్డ్ డీజే క్యాంప్‌బెల్, కుడి ట్యాకిల్ క్యామరన్ విలియమ్స్. వీళ్లలో మిగిలింది క్యాంప్‌బెల్ ఒక్కడే. బ్యాంక్స్ మామూలువాడు కాదు, అదే ఏడు అవుట్‌ల్యాండ్, లొంబార్డీ అవార్డులు రెండూ గెలిచి, ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో 9వ స్థానంలో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కి వెళ్లాడు. కానర్, విలియమ్స్ ఇద్దరూ ఆరో రౌండ్‌లో పోయారు.

అయిదుగురిలో నలుగురు ఒకేసారి వెళ్లిపోతే ఏ జట్టుకైనా దెబ్బే. కానీ ఈ నలుగురిలో అందరూ బ్యాంక్స్ గురించే మాట్లాడుతున్నారు. నా లెక్కలో ఎక్కువ నష్టం చేసింది మేజర్స్ వెళ్లిపోవడం.

ఫ్లూగర్‌విల్ లక్ష్మి
మేజర్స్ మాట నిజం. బ్యాంక్స్ చోట్లోకి వచ్చిన ట్రెవర్ గూస్బీ ఈ ఏడు లైన్‌లో అందరికంటే నికరంగా ఆడాడు. ఎడమ ట్యాకిల్ దగ్గర మనకి కన్నం పడలేదు. పడింది నడిమధ్యలో.

ఫ్రిస్కో సుబ్బు
సెంటర్ బంతి వెనక్కి ఇస్తాడు, ఎదుటివాణ్ని ఆపుతాడు. దానికి ఇంత రాద్ధాంతమా?

పాత రీలు
బంతి ఇవ్వడం ఆ పనిలో చిన్న ముక్క. స్నాప్‌కి (బంతి వెనక్కి ఇచ్చే క్షణానికి) ముందు సెంటర్ చేసేది చూడు. ఎదుటి లైన్‌బ్యాకర్లలో (డిఫెన్సు రెండో వరసవాళ్లలో) ఒకణ్ని వేలితో చూపించి "వీడే మైక్", అంటే నడిమివాడు, అంటాడు. లెక్క అక్కణ్నుంచి మొదలవుతుంది. సగం స్లైడ్ రక్షణ అనుకుందాం. సెంటర్, ఎడమ గార్డ్, ఎడమ ట్యాకిల్ ముగ్గురూ ఎడమ వైపు జరుగుతూ తలా ఒక సందు కాపాడతారు. కుడి గార్డ్, కుడి ట్యాకిల్ తలా ఒక మనిషిని పట్టుకుంటారు. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) మిగిలిన లైన్‌బ్యాకర్‌ని చూసుకుంటాడు. సెంటర్ మైక్‌ని తప్పు చెప్పాడా, ముగ్గురు మనుషులు ఎవరూ రాని వైపు జరుగుతారు, అవతల ఇద్దరి మీదికి ముగ్గురు వస్తారు.

పైగా ఇప్పుడు డిఫెన్సులు అందరినీ పంపించడం లేదు. ఆరుగురిని గీత మీద నిలబెట్టి, చివరికి నలుగురినే పంపిస్తారు. ఆ నలుగురిలో ఒకడు లైన్‌బ్యాకర్. వాడి బదులు ఎడ్జ్ వాడు (డిఫెన్సు లైన్ చివర నిలబడేవాడు) వెనక్కి తగ్గి పాస్ కవరేజీలోకి పోతాడు. సెంటర్ ఎడ్జ్ వాడి వైపు స్లైడ్ తిప్పితే గాలిని ఆపినట్టే. మేజర్స్ 2020 చివర్నుంచి 2024 దాకా ఆడాడు. వాడు చూడని వేషం లేదు. ఈ ఏడు కోల్ హట్సన్ సెంటర్‌కి వచ్చాడు. 2022లో మొదటి ఏడాదే కుడి గార్డ్‌గా ఆడిన మంచి కుర్రాడు. కానీ గార్డ్‌గా ఒక మనిషిని ఆపడం వేరు, సెంటర్‌గా ఐదుగురికీ చెప్పడం వేరు.

కబడ్డీ కరీంనగర్
గిది మన కబడ్డీల చైన్ లెక్కనే ఉంటదన్నా. ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకోని రైడర్ మీదికి పోతరు. ఒకడు ముందుకు దుంకి ఇంకొకడు ఆగిండనుకో, నడుమల సందు వడ్తది, రైడర్ ఆడికెళ్లే గీత దాటిపోతడు. ఇద్దరు మంచోళ్లే గానీ అడుగు కలువలే, అంతే.

పాత రీలు
సరిగ్గా చెప్పావు తమ్ముడూ. దాన్నే ఇక్కడ స్టంట్ దగ్గర చూస్తాం. ఎదుటి డిఫెన్సివ్ టాకిల్ (వాళ్ల లైన్ నడిమివాడు) మన గార్డ్‌ని వదిలేసి బయటికి దూకి మన ట్యాకిల్‌ని గుద్దుతాడు. ఎడ్జ్ వాడు వాడి వెనకనించి తిరిగి లోపలికి వస్తాడు. మన గార్డ్, ట్యాకిల్ ఇద్దరూ ఒకే లోతులో ఉంటే మనుషుల్ని మార్చుకోవడం తేలిక. ట్యాకిల్ మూడు అడుగులు వెనక్కి వేసి, గార్డ్ గీత మీదే కరుచుకుని ఉంటే మార్చుకోవడానికి చోటుండదు, ఇద్దరూ ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటారు. ఒక చోట ముగ్గురు గార్డులు మారుతూ ఉంటే పక్కవాడి లోతు ఎంతో ట్యాకిల్‌కి ఒంటికి పట్టదు. ఎడమ గార్డ్‌లో కానర్ స్ట్రో, నెటో ఉమియోజులు, ఈ ఏడే వచ్చిన నిక్ బ్రూక్స్ ముగ్గురూ కనబడ్డారు కదా. గూస్బీ ఎంత బాగా ఆడినా పక్కన మనిషి మారుతుంటే ఏం చేస్తాడు?

బర్న్ట్‌ఆరెంజ్ బాబ్జీ
ఇదే కదా నా ప్రశ్న. గార్డ్‌ని తేల్చాల్సింది కోచ్ కాదా?

ఇర్వింగ్ ఇంజినీర్
కోచే. నేను ఫ్లడ్‌ని వెనకేసుకురాను. 2022 బ్యాచ్‌లో ఏడుగురు లైన్‌మెన్‌ని తెచ్చారు: బ్యాంక్స్, క్యాంప్‌బెల్, విలియమ్స్, హట్సన్, ఉమియోజులు, మాలిక్ అగ్బో, కానర్ రాబర్ట్‌సన్. అప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. హైస్కూల్ అయ్యాక మూడేళ్లకి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లొచ్చన్నది కొత్త రూల్ కాదు. ఆ బ్యాచ్‌లో బాగా ఆడేవాళ్లు 2024 తర్వాత వెళ్లిపోతారని 2022లోనే తెలుసు. దాని తర్వాతి రెండు బ్యాచులు ఆ సైజులో లేవు. 2025 సీజన్‌కి గీత మీద నిలబడ్డ ఐదుగురూ ఇక్కడే చేరి ఇక్కడే పెరిగినవాళ్లు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోంచి (వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ల జాబితాలోంచి) ఆడి ఆరితేరిన ఒక గార్డ్‌ని తెచ్చుంటే ఈ గొడవే లేదు. ఇది శిక్షణలో లోపం కాదు, లెక్క వేసుకోవడంలో లోపం. ఆ లెక్క ఫ్లడ్, సార్క్ ఇద్దరిదీ.

రౌండ్‌రాక్ రెడ్డి
పోర్టల్ అంటే సంతలో గొర్రెని తెచ్చినంత తేలికా? హౌస్ ఒప్పందం (కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చన్న కోర్టు ఒప్పందం) తర్వాత 2025 నుంచి రోస్టర్, అంటే జట్టు జాబితా, 105 మందికి పరిమితం. ఆటగాళ్లకి నేరుగా పంచే డబ్బుకి మొదటి ఏడాది పరిమితి 20.5 మిలియన్ డాలర్లు, అదీ అన్ని ఆటలకీ కలిపి. మంచి గార్డ్ పోర్టల్‌లోకి వస్తే ఇరవై జట్లు పాట పాడతాయి.

ఇర్వింగ్ ఇంజినీర్
పాట పాడాల్సిన చోట పాడకపోతే ఎలా అన్నా? రిసీవర్‌కి (విసిరిన బంతి పట్టేవాడికి) పెట్టే డబ్బులో సగం గార్డ్‌కి పెట్టినా ఆ రిసీవర్‌కి బంతి అందుతుంది.

కాలేజ్‌స్టేషన్ కిట్టు
బయటివాణ్ని, తిట్టకండి. మా టెక్సస్ ఏ అండ్ ఎం లైన్ వైపు చూడండి. ట్రే జూన్, చేస్ బిసోంటిస్, మార్క్ నబూ, ఆర్మాజ్ రీడ్-ఆడమ్స్, డమెట్రియస్ క్రౌనోవర్. 2024లో ఆడినవాళ్లంతా 2025కి తిరిగొచ్చారు. ఆడమ్ కుషింగ్ దగ్గర వరసగా రెండో ఏడు. 11-0 దాకా ఊరికే రాలేదు. లైన్‌కి పాత కాపులు ఉంటే అదే ఆస్తి.

ఫ్రిస్కో సుబ్బు
11-0 తర్వాత ఏమైందో కూడా చెప్పు కిట్టూ 😄

కాలేజ్‌స్టేషన్ కిట్టు
మీ చేతిలో 27-17 ఓటమి. చెప్పాను కదా, తిట్టకండి అని.

ఫ్లూగర్‌విల్ లక్ష్మి
ఆ ఆట దగ్గరే ఆగండి. నవంబరు 28న మన రన్నింగ్ బ్యాక్ ట్రే విజ్నర్ పరుగుకి ఎదురు లేదు. ఆర్చ్ 35 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ వేశాడు. అదే లైన్, అదే కోచ్. ఎదురుగా ఉన్నది అప్పటిదాకా ఓడని జట్టు. రెండు వారాల ముందు జార్జియా మీద ఇదే లైన్ పరుగుకి సందు చెయ్యలేకపోయింది. ఫ్లడ్‌కి పని రాదంటే ఇది ఎలా కుదిరింది?

నేను ఆటలన్నీ వేదికల ప్రకారం రాసుకున్నాను. ఓడిన మూడూ కొలంబస్, గెయిన్స్‌విల్, ఏథెన్స్. మూడూ అవతలి ఊళ్లే. కెంటకీ మీద 16-13, మిసిసిపీ స్టేట్ మీద 45-38, రెండూ ఓవర్‌టైమ్ దాకా పోయాయి. అవీ లెక్సింగ్టన్, స్టార్క్‌విల్. అంటే ఈ ఏడు బయటి స్టేడియంలో ఆడిన ఐదు ఆటల్లో ఐదూ ఇబ్బందే. ఆస్టిన్‌లో ఆడినవి అన్నీ గెలిచాం. డాలస్‌లో ఓక్లహోమా మీద 23-6 గెలిచాం, అక్కడ స్టేడియం సగం మనది.

రౌండ్‌రాక్ రెడ్డి
అక్కా, బయట ఆడినవి గట్టి జట్లు కాబట్టి ఇబ్బంది పడ్డాం. ఊరు కాదు కారణం.

ఫ్లూగర్‌విల్ లక్ష్మి
ఒహాయో స్టేట్, జార్జియా గట్టివే, ఒప్పుకుంటా. కెంటకీ గట్టి జట్టా? ఈ ఏడు సగం ఆటలు కూడా గెలవని జట్టు. వాండర్‌బిల్ట్ దానికంటే చాలా నయం, దాని మీద ఇంట్లో 34 పాయింట్లు చేశాం. కెంటకీలో ఓవర్‌టైమ్‌తో కలిపి 16.

బర్న్ట్‌ఆరెంజ్ బాబ్జీ
ఇది నేను గమనించలేదు. చప్పుడు వల్ల లైన్‌కి అంత తేడా వస్తుందా? ఇప్పుడు హెల్మెట్‌లో రేడియో ఉంది కదా?

పాత రీలు
రేడియో 2024 నుంచి ఉంది. కానీ అది మైదానంలో ఒక్కడికే, మన వైపు క్వార్టర్‌బ్యాక్‌కి. ప్లే గడియారంలో 15 సెకన్లు మిగలగానే కట్. లైన్‌మెన్ చెవిలో ఏమీ ఉండదు. ఫ్లోరిడా స్టేడియంలో సుమారు 88 వేల మంది అరుస్తుంటే ట్యాకిల్‌కి క్వార్టర్‌బ్యాక్ గొంతు వినబడదు. అందుకని మౌనంగా స్నాప్ తీసుకుంటారు.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. సెంటర్ తల కిందికి, కళ్లు డిఫెన్సు మీద. ఒక గార్డ్ వెనక్కి తిరిగి క్వార్టర్‌బ్యాక్‌ని చూస్తాడు. వాడు కాలో చెయ్యో ఎత్తితే గార్డ్ సెంటర్‌ని తడతాడు. సెంటర్ తల ఎత్తి, ఒక క్షణం ఆగి బంతి వదులుతాడు. ట్యాకిల్ ఓరకంట బంతిని చూసి కదలాలి. ఇంట్లో అయితే చెవితో కదులుతాడు, ఎదుటివాడి కంటే ముందే తెలుసు. బయట కంటితో కదులుతాడు, ఎదుటివాడికీ అదే బంతి కనబడుతుంది. ఆ అర క్షణం లాభం పోయినట్టే.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ప్రతిసారీ తల ఎత్తిన తర్వాత ఒకే క్షణం ఆగితే ఎడ్జ్ వాడు ఒక క్వార్టర్‌లో పట్టేస్తాడు. రెండో క్వార్టర్ నుంచి వాడు మన ట్యాకిల్ కంటే ముందే బయల్దేరతాడు. దాన్ని ఆపాలంటే సెంటర్ ఒకసారి తల ఎత్తగానే, ఒకసారి రెండోసారి ఎత్తాక, ఒకసారి ఉత్తుత్తిగా ఎత్తి బంతి వదలకుండా ఉండాలి. ఇలా మారిస్తే మనవాడే ముందు కదిలి ఫాల్స్ స్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, 5 యార్డులు పోతాయి. కొత్త సెంటర్, మారుతున్న గార్డ్ ఉన్నప్పుడు కోచ్‌లు భయపడి మార్చరు. మార్చకపోతే సాక్‌లు.

కబడ్డీ కరీంనగర్
ఆ తట్టేది కూడా గార్డే కదన్నా. గా గార్డే మారుతుంటే?

పాత రీలు
అందుకే తట్టే పని క్యాంప్‌బెల్‌కి ఇవ్వాలి, ఎడమ గార్డ్‌కి కాదు. ఎవరు తడుతున్నారో మీరే చూడండి, ఆట వీడియోలో స్నాప్‌కి రెండు సెకన్ల ముందు ఏ గార్డ్ తల వెనక్కి తిరిగి ఉందో తెలిసిపోతుంది.

ఆస్టిన్ అప్పారావు
అందరూ లైన్ మీదే పడ్డారు. సాక్‌లన్నీ లైన్ ఖాతాలో రాయకండి. ట్యాకిల్ తన కోణం ఎలా లెక్క వేసుకుంటాడో తెలుసా? క్వార్టర్‌బ్యాక్ గీతకి 7, 8 యార్డుల వెనక నిలబడతాడని. ఎడ్జ్ వాడు ఆ చోటికి పోవాలంటే ట్యాకిల్‌ని చుట్టుకుని పోవాలి, ట్యాకిల్ వాణ్ని అలా దాటించి వెనక్కి తోసేస్తాడు. క్వార్టర్‌బ్యాక్ చేయాల్సింది ముందుకు ఒక అడుగు వెయ్యడమే. కానీ ఒత్తిడి రాగానే 10, 12 యార్డుల దాకా వెనక్కి జారితే, ఎడ్జ్ వాడికి తిన్నని దారి మనమే ఇచ్చినట్టు. ట్యాకిల్ చేసిన పని సరైనదే అయినా సాక్ వాడి పేరు మీదే కనబడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆర్చ్ ఇలా చాలాసార్లు జారాడు. నవంబరులో బాగా తగ్గించాడు.

రౌండ్‌రాక్ రెడ్డి
దీంతో ఏకీభవిస్తాను. పైగా సార్క్‌కి దూరం బంతులంటే ప్రాణం. లోతైన రూట్ (రిసీవర్ పరిగెత్తే దారి) తెరుచుకోవాలంటే మూడు సెకన్లు కావాలి. కొత్త లైన్ రెండున్నర సెకన్లు నిలబడితే గొప్ప. లైన్‌కి చేతకాని పని లైన్‌కి ఇచ్చి, లైన్ పనికిరాదంటే ఎలా?

ఫ్రిస్కో సుబ్బు
అదే నేనూ అంటున్నా, ఫ్లడ్ అఫెన్సివ్ కోఆర్డినేటర్ కదా, "నా లైన్ మూడు సెకన్లు నిలవదు" అని సార్క్‌కి చెప్పాల్సింది ఎవరు?

ఇర్వింగ్ ఇంజినీర్
సుబ్బు ఈ థ్రెడ్‌లో మొదటిసారి గట్టి పాయింట్ చెప్పాడు.

పాత రీలు
నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. ప్లే పిలిచేది సార్కే, కానీ వారం ప్రణాళికలో రక్షణలు రాసేది ఓ-లైన్ కోచ్. టైట్ ఎండ్‌ని (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాణ్ని) ట్యాకిల్ పక్కన నిలబెట్టి ఎడ్జ్ వాణ్ని ఒక దెబ్బ వేసి పంపించడం, రన్నింగ్ బ్యాక్ బయటికి పోతూ భుజం తగిలించడం లాంటివి. ఇవి కొత్త కుడి ట్యాకిల్ బ్రాండన్ బేకర్ వైపు మొదటి నెలలో ఇంకా ఎక్కువ వాడాల్సింది. వాడితే రూట్‌లోకి పోయే రిసీవర్ ఒకడు తగ్గుతాడు. సార్క్‌కి అది ఇష్టం ఉండదు.

వాన్‌కూవర్ వాసు
మధ్యలో వచ్చి అడుగుతున్నా. గోల్ గీతకి ఒక్క యార్డ్ దగ్గర ఇన్నిసార్లు ఎందుకు ఆగిపోతున్నారు? కాటన్ బౌల్ ఇంకా మర్చిపోలేదు.

బర్న్ట్‌ఆరెంజ్ బాబ్జీ
ఆ గాయం గెలికావు. 2025 జనవరి 10, ఒహాయో స్టేట్ 21-14 ఆధిక్యం. మనకి 1 యార్డ్ మీద ఫస్ట్ అండ్ గోల్, అంటే గీత దాటడానికి నాలుగు డౌన్లు (ప్రయత్నాలు). మొదటి డౌన్ లోపలికి పరుగు, ఏమీ రాలేదు. రెండో డౌన్ బయటికి టాస్ (బంతిని పక్కకి విసిరి బ్యాక్‌కి ఇవ్వడం), విజ్నర్‌ని 7 యార్డుల వెనక పడేశారు. మూడోది పాస్, పడలేదు. నాలుగోదానికి వాళ్ల జాక్ సాయర్ మన అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్ చేతిలో బంతి ఊడగొట్టి 83 యార్డులు పరిగెత్తాడు. 28-14.

ఆ టాస్ పిలిచినందుకు ఏడాదంతా తిట్టాం, స్నీక్ (క్వార్టర్‌బ్యాక్ తనే బంతితో ముందుకి దూరడం) చెయ్యాల్సింది అని. ఈ ఆగస్టులో అదే ఒహాయో స్టేట్ మీద, మూడో క్వార్టర్‌లో, నాలుగో డౌన్, 1 యార్డ్ మీద ఆర్చ్‌తో స్నీక్ చేశారు. అదీ ఆగిపోయింది.

పాత రీలు
అందుకే "టాస్ తప్పు, స్నీక్ ఒప్పు" అనే వాదన నాకు నచ్చదు. రెండూ సరైనవే, ముందు గీత మీద అడుగు కదిలితే. స్నీక్‌కి ఐదుగురి పాదాలు దాదాపు ఆనుకుని ఉండాలి, మధ్యలో సందు ఉండకూడదు. మొదటి అడుగు ఆరంగుళాలు మించకూడదు, పెద్ద అడుగు వేస్తే ఒక కాలు గాలిలో ఉండగానే గుద్దు తగులుతుంది. ఎదుటి టాకిల్స్ నేలకి కరుచుకుని సెంటర్ కాళ్ల కిందికి దూరతారు, కాబట్టి మన సెంటర్, గార్డుల భుజాలు వాళ్ల భుజాల కంటే కిందుండాలి. కాలేజ్ ఆటలో బంతి పట్టుకున్నవాణ్ని వెనకనుంచి తొయ్యడం తప్పు కాదు. ఇద్దరిని వెనక పెట్టి తోయించొచ్చు.

టాస్‌ది ఇంకో లెక్క. బంతి పట్టేసరికి బ్యాక్ గీతకి నాలుగైదు యార్డుల వెనక ఉంటాడు, పక్కకి పరిగెత్తుతుంటాడు. బయట ఒక్క బ్లాక్ తప్పినా, ఒక్కడు సందులోంచి దూరినా నష్టం పెద్దది. 1 యార్డ్ దగ్గర డిఫెన్సు వెనక్కి కాపాడాల్సిన మైదానం లేదు, అందరూ ముందుకే దూకుతారు. అందుకే అక్కడ 7 యార్డులు పోయాయి.

ఆస్టిన్ అప్పారావు
కాటన్ బౌల్‌లో ఆ లైన్‌కి పాత కాపులే ఉన్నారు, గుర్తుంచుకోండి. అదే 2024లో జార్జియా ఆస్టిన్‌కి వచ్చి మన క్వార్టర్‌బ్యాక్‌లని ఏడుసార్లు పడగొట్టి గెలిచింది, 30-15. అప్పుడు బ్యాంక్స్ ఉన్నాడు, మేజర్స్ ఉన్నాడు, ఇంట్లో ఆట. లక్ష్మి అక్క చెప్పిన బయటి చప్పుడుతో అన్నీ తేలవు.

ఫ్లూగర్‌విల్ లక్ష్మి
ఒప్పుకుంటున్నా. జార్జియా లెక్క వేరు. వాళ్లకి ముందు వరసలో ఎనిమిది తొమ్మిది మంది మారుతూ ఉంటారు, నాలుగో క్వార్టర్‌లో కూడా కాళ్లు తాజాగా ఉంటాయి. మన ఐదుగురూ డెబ్భై స్నాపులు ఆడాలి. ఓ-లైన్‌లో అలా మార్చడం కుదరదు, పైన పాత రీలు చెప్పిన కారణానికే. నేను చెప్పింది కెంటకీ లాంటి ఆట గురించి.

ఫ్రిస్కో సుబ్బు
సరే, మీ అందరికీ ఫ్లడ్ ముద్దు. మరి ఫ్లడ్ కోచ్‌గా ఉన్న 2020 అలబామా లైన్‌కి జో మూర్ అవార్డ్ (ఉత్తమ ఓ-లైన్‌కి ఇచ్చేది) వచ్చిందని ప్రతిసారీ చెప్తారు. లెదర్‌వుడ్, డికర్సన్, ఈవన్ నీల్ ఉన్న లైన్‌కి కోచ్‌గా ఎవరున్నా అవార్డ్ వచ్చేది. ఆ పిల్లల్ని తెచ్చింది అక్కడ అప్పటి హెడ్ కోచ్ నిక్ సేబన్.

ఇర్వింగ్ ఇంజినీర్
పూర్తిగా కాదనను. కానీ గూస్బీని ఎవరూ ఐదు నక్షత్రాల (హైస్కూల్‌లో అన్నిటికంటే పై రేటింగ్) పిల్లాడిగా చూడలేదు. రెండేళ్లు వెనక కూర్చోబెట్టి, బ్యాంక్స్ చోట నిలబెట్టారు, నిలబడ్డాడు. శిక్షణ రాదంటే అది జరగదు. అందుకే నా మాట ఇది, ఫ్లడ్‌కి ట్యాకిల్స్ తయారు చెయ్యడం వచ్చు, లోపలి ముగ్గురి విషయంలో ఇంకో మనిషి కావాలి.

రౌండ్‌రాక్ రెడ్డి
దానికి దారి ఉంది. 2024 వేసవి దాకా హెడ్ కోచ్ కాకుండా పదిమంది అసిస్టెంట్లే మైదానంలో నేర్పాలనే నిబంధన ఉండేది. ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు అనలిస్టులు కూడా ప్రాక్టీసులో, ఆటలో నేర్పొచ్చు. సెంటర్, గార్డులకి ఒక కోచ్, ట్యాకిల్స్‌కి ఒక కోచ్. ఫ్లడ్ ట్యాకిల్స్‌ని, మొత్తం రక్షణల్ని చూసుకోవచ్చు. మనిషిని తీసెయ్యకుండానే పని అవుతుంది.

ఆస్టిన్ అప్పారావు
ఇద్దరు కోచ్‌లు అంటే రెండు భాషలు. ఒకాయన ట్యాకిల్‌కి వెనక్కి లోతుగా తగ్గమంటాడు, ఇంకొకాయన గార్డ్‌కి గీత మీదే ఎదురు వెళ్లి గుద్దమంటాడు. మళ్లీ స్టంట్ దగ్గర లోతులు కలవవు.

రౌండ్‌రాక్ రెడ్డి
ఆ లోతు వారం ప్రణాళికలో ఒకరే రాస్తే కలుస్తుంది. నేర్పే చేతులు రెండు, రాసే చెయ్యి ఒకటి.

కబడ్డీ కరీంనగర్
ప్రాక్టీసుకు టైమెంత ఉంటది అసలు?

ఇర్వింగ్ ఇంజినీర్
సీజన్‌లో వారానికి 20 గంటలే. అందులో మీటింగులు, బరువులెత్తడం, అన్నీ కలిపి. దెబ్బలు తగలకుండా పూర్తి గుద్దులాట తగ్గించేశారు. అంటే కొత్త గార్డ్ సీజన్ మధ్యలో నేర్చుకునేది చాలా తక్కువ. నేర్చుకోవాల్సింది వసంతంలో 15 ప్రాక్టీసుల్లో, ఆగస్టు క్యాంపులో. ఆగస్టు చివరికి గార్డ్ ఎవరో తేలకపోతే ఆ ఏడు అయినట్టే. ఈ ఏడు జరిగింది అదే.

పాత రీలు
ఇన్‌సైడ్ జోన్ పరుగు (లైన్ నడిమధ్యలోంచి పోయేది) చూస్తే ఇది కళ్లకి కడుతుంది. సెంటర్, ఎడమ గార్డ్ ఇద్దరూ తుంటి తుంటి ఆనించి ఎదుటి టాకిల్‌ని తోస్తారు. కళ్లు మాత్రం లైన్‌బ్యాకర్ మీద. లైన్‌బ్యాకర్ ఎటు అడుగు వేస్తే ఆ వైపు ఉన్నవాడు విడిపోయి వాణ్ని పట్టుకోవాలి. ముందే విడిపోతే టాకిల్ ఇద్దరి మధ్యనుంచి దూరి బ్యాక్‌ని గీత వెనకే పడేస్తాడు. ఆలస్యంగా విడిపోతే లైన్‌బ్యాకర్ ఖాళీగా వచ్చి సందు మూసేస్తాడు, రెండు యార్డులు. జార్జియా ఆటలో రెండూ జరిగాయి. ఏ అండ్ ఎం మీద రెండో సగంలో తుంటి తుంటి విడిపోకుండా తోశారు, విజ్నర్‌కి సందు ముందు నుంచే కనబడింది. ఎప్పుడు విడిపోవాలన్నది ఆ ఇద్దరూ ఒకళ్ల ఒంటిని ఒకళ్లు తెలుసుకుంటే వస్తుంది. కొన్ని వందల సార్లు చేస్తేగానీ రాదు.

బర్న్ట్‌ఆరెంజ్ బాబ్జీ
నేను ఫ్లడ్‌ని మార్చాలనే ఉద్దేశంతో మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు ముఖ్యమనిపిస్తున్నది రెండు: పోర్టల్‌లోంచి ఆడి చూసిన ఒక లోపలి లైన్‌మన్, బయటి ఆటలకి స్నాప్ పద్ధతి. సుబ్బు ఒప్పుకోడని తెలుసు.

ఫ్రిస్కో సుబ్బు
ఒప్పుకోను. కానీ ఆ గార్డ్‌ని తెస్తే, ఆగస్టు క్యాంపు మొదటి రోజునుంచి ఒకే చోట ఆడిస్తే, ఒక ఏడు ఆగుతాను.

వాన్‌కూవర్ వాసు
ఆర్లాండోలో మిషిగన్ మీద ఏం చూడాలో చెప్పండి. నేను బంతినే చూస్తూ ఉంటా, ఇవేవీ కనబడవు.

పాత రీలు
మొదటి రెండు డ్రైవులు (బంతి మన చేతిలో ఉన్న విడతలు) బంతిని వదిలెయ్యి. స్నాప్‌కి ముందు హట్సన్ వేలు ఎవరి మీద ఉందో చూడు. స్నాప్ అవగానే ఎడమ గార్డ్ పాదం గూస్బీ పాదంతో ఒకే లోతులో ఉందా చూడు. మూడో డౌన్, ఆరు యార్డులు మించి ఉంటే, రన్నింగ్ బ్యాక్ ఏ వైపు నిలబడ్డాడో చూడు. మామూలుగా స్లైడ్ దానికి ఎదురు వైపు పోతుంది. ఈ మూడూ పట్టుకుంటే ఆర్చ్ బంతి విసరకముందే సాక్ వస్తుందో లేదో నీకే తెలుస్తుంది.

ఫ్లూగర్‌విల్ లక్ష్మి
ఆర్లాండోలో జనం సగం సగం ఉంటారు, మౌనం స్నాప్ అంతగా అక్కర్లేకపోవచ్చు. నేను తట్టే గార్డ్ ఎవరో రాసుకుంటా. మొదటి క్వార్టర్ అయ్యాక ఇక్కడే పెడతా.

కబడ్డీ కరీంనగర్
నేను ఎడమ గార్డ్ పాదం చూస్తనక్కా.